తాజ్‌మహలుకు వీపుపెట్టిన యాత్రికురాలు

తుంగభద్ర ఒడ్డున కొలువైయున్న తల్లి జోగులాంబకు ముందుగా చేతులు మోడ్చి, ఆ పిమ్మట గుడి లేక, గోపురం లేక, చెరువుకట్టల మీదా పొలిమేరల్లోనూ పసుపు పూసిన రాళ్లై నిలిచియున్న మైసమ్మలకు, ఎల్లమ్మలకు, పోశమ్మలకు కూడ నమస్కరించి, స్వస్తిశ్రీ చాంద్రమాన విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ బహుళ పంచమి నాడు గద్వాలలో ఈ నాలుగు మాటలు వ్రాయ మొదలుపెడుతున్నాను.

మా ఇంటి ప్రార్థనలో మైసమ్మ పేరు చేర్చే ఆచారం లేదు. మా నాయనగారు నా చేత కావ్యాలు కంఠస్థం చేయించిన రోజుల్లో నేనెరిగిన దేవతలందరూ సంస్కృతంలోనే మాట్లాడేవారు. తెలుగులో, అందునా పాలమూరు తెలుగులో ఆకలిగొనే దేవత ఒకతె ఉన్నదని నాకు చెప్పిన మనిషి మొన్న విదియ నాడు వెళ్లిపోయింది. అందుకని ఈ నమస్కారం.

కబురు చెప్పినవాడు మా ఊరి యాత్రల బస్సు యజమాని. "సారూ, మన కట్టవ్వ పాయె" అని ఫోనులో చెప్పి, "వచ్చే మాఘానికి కిటికీ సీటు ఆమెకే పెట్టిన సారూ. ఇప్పుడేం చేయాలె?" అన్నాడు. దుఃఖాన్ని సీట్ల భాషలో తప్ప చెప్పుకోవడం ఆయనకు రాదు.

కట్టవ్వ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. బస్సు ఏ ఊరికి పోయినా ఎక్కేముందు ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆడ కట్ట ఉన్నదా?" నీటికి అడ్డంగా పోసినది ఊరి చెరువుగట్టు కానీ, కొండంత డ్యాము కానీ, మా వైపు అన్నీ కట్టలే. ఆ ప్రశ్నను బట్టి బస్సులోని వాళ్లం పెట్టుకున్న పేరది. అసలు పేరు నాకు తెలుసు, వ్రాయను. ఎందుకు వ్రాయనో ముందుకు పోయినకొద్దీ తెలుస్తుంది.

యాత్రల బస్సును ఎరుగనివారి కోసం ఒక మాట. వానాకాలపు పంట ఇంటికి చేరి చేతికి కొంచెం తీరిక చిక్కిన మాఘమాసంలో, ఇటిక్యాల, అలంపూర్, ఆత్మకూరు, వనపర్తి దిక్కుల నుంచి జనం మూటలతో మా గద్వాల కోట ముందుకు చేరుతారు. బస్సు నెత్తిన గుండిగలు, గ్యాసు పొయ్యిలు, బియ్యం బస్తాలు. వెనుక సీటులో వంటమనిషి. ఒక ఏడు రామేశ్వరం, కన్యాకుమారి. ఒక ఏడు మైసూరు, ఊటీ. మరొక ఏడు కాశీ, ఆగ్రా, జైపూరు. దేవుళ్లను వేరుగా, వినోదాలను వేరుగా చూడడం ఆ బస్సుకు తెలియదు. ఉదయం కోనేటిలో మునిగి తడిబట్టలతో ప్రదక్షిణం చేసినవాళ్లే సాయంత్రం సముద్రం ఒడ్డున ఐస్‌క్రీము తింటూ అలలను చూచి కేకలు పెడతారు. నేను బడిలో తెలుగు పండితుడిగా పదవి విరమించిన నాటి నుంచి ఆ బస్సులో మైకు నాది. చేరబోయే ఊరి స్థలపురాణమూ, అక్కడి కట్టడాల కథలూ దారిపొడుగునా చెప్పడం నా పని. అందరూ వింటారని కాదు. మైకు మోగుతున్నంతసేపు డ్రైవరుకు కునుకు రాదని యజమాని నమ్మకం.

ఆమెను నేను మొదట గుర్తుపెట్టుకున్నది ముఖాన్ని బట్టి కాదు, వీపును బట్టి. ముతక నేతచీర, కొంగు నడుముకు దోపిన తీరు, ఎడమభుజం కొంచెం కిందికి వంగిన ఒక సన్నని వీపు. మైసూరు కోటకు దీపాలు వెలిగిన సాయంకాలం, వేలాది జనం ఒక్కసారిగా "ఆహా" అన్నప్పుడు ఆ వీపు కోట వైపే ఉన్నది. ఆమె ముఖం ఎదుటి వీధి వైపు. ఏదో పరధ్యాసలే అనుకున్నాను.

ఆగ్రాలో మరల అదే జరిగింది. తాజ్‌మహలు ముందు అందరినీ వరుసగా నిలిపి యజమాని ఫొటో తీయించాడు. ఫొటోకు ఎలాగూ అందరమూ దానికి వీపే పెడతాం. ఫొటో అయినది, అందరూ అటు తిరిగి నోళ్లు తెరిచారు. ఆమె ఒక్కతె తిరగలేదు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఎటో దూరంగా, చెట్లూ ముళ్లకంపలూ ఉన్న వైపు చూస్తున్నది.

యజమాని ఊరుకునే మనిషి కాదు. "ఓ అవ్వా! లోకమంత తాజ్‌మహల్ సూస్తుంటే నువ్వు కంప చెట్లు సూస్తున్నవేంది?"

"తెల్లసున్నమేసిన గోడలు గద నాయనా. యాడికి పోతయి? ఉంటయి తియ్యి."

"సున్నం కాదవ్వా, పాలరాయి! రాయి!"

"నాకు రాయి సంగతి చెప్తున్నవా నువ్వు?" అని ఆమె నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

నేను దగ్గరకు పోయి, "ఏమమ్మా, అటువైపు ఏమున్నది?" అని అడిగాను.

"గుడిసెలు యాడ ఏసిండ్రో సూస్తున్న సారూ."

"ఏ గుడిసెలు?"

"దీన్ని కట్టినోళ్లవి. కట్టినన్ని దినాలు వాళ్లు యాడనో ఒకకాడ పండుకోవాలె గద. రాళ్లు కొట్టే దుమ్ము మీదికి రావొద్దు, నీళ్లు దగ్గరుండాలె, పిల్లలు లారీల కింద పడొద్దు." ఒక క్షణం ఆలోచించి, "అప్పుడు లారీలు లేవంటవా? బండ్లే అనుకో" అని, మోచేతితో ఒక దిక్కు చూపింది. "గో, గాడ ఏసుంటరు. నేనైతే గాడనే ఏస్త."

అప్పటి నుంచి నేను ఆమెను గమనిస్తూ వచ్చాను. ఏ వింతను చూపడానికి మమ్మల్ని తీసుకుపోయినా ఆమె ముందుగా దానికి వీపు పెట్టేది. గుడిసెల చోటు నిర్ణయించేది. ఆ తరువాత వంగి చిటికెడు మన్ను తీసి వేళ్ల మధ్య నలిపి, వదిలి, చేయి కొంగుకు తుడుచుకొనేది. ఇంతే ఆమె దర్శనం. గోవా ఇసుకనూ నలిపింది, జైపూరు ఎర్రదుమ్మునూ నలిపింది. భుజాన ఒక గుడ్డసంచి ఎన్నడూ దిగేది కాదు. దానిలో పసుపు, కుంకుమ, బెల్లం ముక్క, బియ్యం మూట, ఒక కొత్త మట్టిముంత. బస్సు కుదుపులకు ముంత పగులుతుందేమోనని పసిపిల్లను పెట్టుకొన్నట్లు ఒడిలో పెట్టుకొని కూర్చునేది. ఇంతటి భద్రం దేనికని అడిగితే "పనున్నది" అనేది.

ఆ పని ఏమిటో తెలియడానికి ఆమె భర్త కొంత కారణం. ప్రతి ఏడూ ఆమెను బస్సు ఎక్కించడానికి ఆయన వచ్చేవాడు. బక్కపలుచని మనిషి, తలకు తువ్వాల. పల్లెలో పని పోతుందని, నడుము పట్టుకుంటుందని చెప్పి తాను ఎన్నడూ ఎక్కింది లేదు. కిటికీ కింద నిలబడి, బస్సంతా వినేటట్లు ఎగతాళి చేసేవాడు.

"ఊర్లు తిరగనీకి మైసమ్మ ఒక సాకు దొరికింది దీనికి! సారూ, ఈసారి యాడికి పోతున్నరో గాని, ఆడనే ఇడిసిపెట్టి రాండ్రి."

"నన్ను ఇడిసిపెడితే నీకు మెత్తటి రొట్టె ఎవ్వరు చేస్తరు? కోడలు చేసింది నములనీకి పండ్లున్నయా నీకు?"

"అన్నం తింట."

"తిని కూసో. గా రాయి మీద మాత్రం కూసోకు. కూసున్నవని తెలిసిందో, వచ్చినంక నీ సంగతి చెప్త!"

"ఇన్నవా సారూ? ఇంట్ల పెండ్లాం కంటె రాయికే మర్యాద ఎక్కువ."

బస్సు కదిలి మలుపు తిరిగేవరకు ఆయన అక్కడే నిలబడేవాడు. ఆమె కూడ తల కిటికీ బయటనే పెట్టుకొనేది. ఒకరినొకరు తిట్టుకోవడం ముగిసిన తరువాత కూడ చాలాసేపు చూచుకొనేవారు.

ఆ రాయి కథ మరొక ఏడు ఊటీ కొండ దిగివస్తున్నప్పుడు విన్నాను. బస్సు చక్రం గాలి పోయి, దానిని మార్చేవరకు అందరమూ దారి పక్కన చెట్లనీడకు చేరాము. ఎదుట తేయాకు తోటలు పచ్చని తివాచీ పరచినట్లున్నవి. యథాప్రకారం ఆమె వాటికి వీపు పెట్టి నా ఎదుట కూర్చున్నది. "ఇంతకూ ఏ మైసమ్మ అమ్మా అది? ఏ రాయి?" అన్నాను.

"నాకు పెండ్లయిన కొత్తల సారూ" అని మొదలుపెట్టింది. "మేస్త్రి లారీ తెచ్చిండు. ఎక్కుమన్నడు, ఎక్కినం. యాడికో తోలుకపోయి దిగుమన్నడు, దిగినం. ఊరి పేరు ఎవరడిగిరి, ఎవరు చెప్పిరి? డ్యాము అన్నరు. తట్ట చేతికిచ్చిండ్రు. గంతే."

మా పాలమూరు కూలిజనం గుంపులు గుంపులుగా దేశమంతటా పోయి కాలువలు త్రవ్వి, కట్టలు పోసి వచ్చిన సంగతి అందరికీ తెలిసినదే. పోయేటప్పుడు వాళ్లు ఇంటి విసుర్రాయిని కూడ లారీలో వేసుకొని పోయేవారట. జొన్నపిండి లేక రొట్టె లేదు కనుక. ఆ పనిచోట ఒకనాడు బండలు పగులగొట్టే తోటా పేలుళ్లకు ఎగిరివచ్చిన బండ తగిలి విసుర్రాయి పైరాయి అంచు నెలవంక వలె విరిగింది. ఇక అది తిరగదు. అత్తగారు దానిని పారవేయలేదు. కట్ట కొసకు మోయించుకొనిపోయి, నిలువుగా పాతి, పసుపు పూసి, కట్ట మైసమ్మ అన్నది.

"కట్ట అన్నంక మైసమ్మ ఉండాలె గద సారూ. లేకుంటే గంత నీళ్లను ఎవ్వరు ఆపుతరు? మా అత్త అన్నది, ఇన్నేండ్లు మా కడుపులు నింపిన రాయి, ఇదే మా తల్లి అన్నది."

ఆ తరువాత కొన్నాళ్లకు త్రవ్విన గట్టు విరిగి మీదపడి ఆమె భర్త మట్టిలో మునిగిపోయాడు. గుంపంతా అటు ఉరికింది. ఆమె మాత్రం కట్టకొసకు ఉరికి, రాయి మీద తల పెట్టి మొక్కుకున్నది. మనిషిని ప్రాణంతో ఇస్తే కొత్తముంతలో అన్నం వండి బోనం పెడతానన్నది. ఇచ్చింది. కళ్లనిండా మట్టితో, నోటినిండా మట్టితో, బతికిన మనిషిని లాగారు.

"మంచి దినం చూసి బోనం పెడదమనుకున్న. పొద్దుగాల బియ్యం నానబోసిన సారూ. నానబోసి చెయ్యి తుడుచుకుంటున్న, మేస్త్రి లారీ తెచ్చి నిలబెట్టిండు. ఈడ పని అయిపోయింది, ఇంకో కాడికి పోవాలె, ఎక్కుండ్రి అన్నడు. జర ఆగు అన్న. ఎవ్వరిన్నరు? నానబోసిన బియ్యం గట్లనే ఉన్నయి. కింది రాయి లారీల పడింది. పైరాయి ఆడనే ఉండిపాయె."

ఆమె చాలాసేపు గడ్డిపోచలు తుంపుతూ కూర్చున్నది.

"పెట్టిన దేవతను సాగనంపలే. మొక్కిన బోనం పెట్టలే. ఆకలి మీద ఇడిసిపెట్టి వచ్చిన. ముసలోని పానం ఆమె ఇచ్చింది గద. ఇచ్చింది ఎన్కకు అడిగితే నేనేం చెప్పాలె? ఆయనకు నవ్వులాట. దగ్గు వస్తే పానం పోయినట్లయితది నాకు."

కింది రాయి ఇప్పటికీ ఆమె ఇంటి గడప పక్కన ఉన్నది. ముసలాయన దాని మీద కూర్చుని బీడీ కాల్చడమే ఇంటి నిత్యకలహం.

ఊరి పేరు తెలియదు. గుర్తులు మాత్రం ఉన్నవి. జోడెద్దుల మూపురాల వంటి రెండు కొండలు. రెండు ముక్కుపుటాలకూ ముక్కెరలు పెట్టుకొని సంతకు వచ్చే ఆడవాళ్లు. ఎటు చూచినా బొరుగులు తినే జనం. నోట్లో ఉండ పెట్టుకొని మాట్లాడినట్లు గుండ్రని మాటలు. అది ఒడిశా కావచ్చునని నాకు తోచి యజమానికి చెప్పాను. "పూరీకి బస్సు నిండేటంత జనం దొరకాలె గద సారూ" అన్నాడు. ఏటేటా జనం కన్యాకుమారి అనేవారు, కాశీ అనేవారు. ఆమె మాత్రం బస్సు ఎటు పోయినా ఎక్కేది. "ఒకవేళ నీ లెక్క తప్పయితే?" అనేది నాతో. దారిలో ఏ కట్ట తగిలినా ముంత పట్టుకొని దిగేది. మన్ను నలిపి, "ఈమె కాదు" అని ఎక్కేది. మా ఇంటి ముందరి జూరాల ప్రాజెక్టు మీదుగా పోతున్నప్పుడు కూడ ఒకసారి నీళ్లకు మొక్కి, "ఈడ పెట్టినోళ్లు మంచిగనే సాగనంపి ఉంటరు. దగ్గరోళ్లు గద" అని నిట్టూర్చింది.

గత క్రోధి నామ సంవత్సరపు మాఘంలో పూరీకి జనం కుదిరారు.

కోణార్కలో సూర్యరథపు చక్రాల గురించి నేను నా శక్తికొలది చెప్పాను. ఆమె ఆ చక్రాలకు వీపు పెట్టి బొరుగులమ్మే మనిషిని చూస్తూ నిలిచింది. ఆ మనిషి రెండు ముక్కుపుటాలకూ ముక్కెరలున్నవి. ఆనాటి నుంచి ఆమె మాటలు తగ్గాయి. ముంతను మరింత దగ్గరగా పెట్టుకొన్నది. తిరుగుదారిలో మధ్యాహ్న భోజనానికి మంచి నీడ ఉన్నదని డ్రైవరు ఒక డ్యాము దగ్గర బస్సు ఆపాడు. ఆ ఊరి పేరు వ్రాయను. ఇప్పుడది సెలవురోజుల్లో జనం వచ్చే తోట. పడవలు, ఊయలలు, రంగునీళ్ల ఫౌంటెన్లు, మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు. తోట వెనుక రెండు కొండలు.

ఆమె దిగింది. మన్ను తీసి నలపలేదు, నాలుకకు తాకించుకొన్నది. నీళ్లకు వీపు పెట్టి, ఊయలలున్న వైపు చూచి, "మా గుడిసెలు గాడ" అన్నది. గొంతులో ఊహించే ధోరణి ఏమీ లేదు.

కట్టకొసకు నడిచాము. అక్కడ చలువపలకలు పరచిన చిన్న గుడి, గంట, ఎర్రజెండాలు, కొత్తగా పెళ్లయిన జంటల వరుస. గర్భగుడిలో దేవతకు వెండికళ్లు, పట్టుచీర, దండలు. రాయి ఒక వేలెడు కూడ కనబడదు. ఆమె తొంగిచూచి వెనుకకు తగ్గింది. "ఈమె గొప్పింటి తల్లి సారూ. మా మైసమ్మ కాదు" అని వెనుదిరిగింది.

అప్పుడే నైవేద్యపు గంట మోగింది. పూజారి దండలు తప్పించాడు. వెండికళ్ల కింద, రాతి నడిమధ్యన గుండ్రని రంధ్రం కనబడింది. పక్క అంచున నెలవంక వలె విరిగిన చోటు. ఆయన పళ్లెంలోని అన్నం గుప్పిట పట్టి, కొంచెం కొంచెంగా, ఓపికగా, ఆ రంధ్రంలోకి జారవిడువసాగాడు.

నేను ఆమె వైపు చూచాను. ఆమె ఎడమచెయ్యి గుప్పిటగా ముడుచుకొని, గింజలు వదలుతున్నట్లు కొంచెం కొంచెంగా తెరచుకొంటున్నది. కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతున్నది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

పూజ అయినాక పూజారి స్థలమహాత్మ్యం హిందీలో చెప్పాడు. ఈ తల్లి ఎవరూ ప్రతిష్ఠించినది కాదు. కట్ట కట్టేనాడు భూమిని చీల్చుకొని తానుగా వెలసింది. ఆ రంధ్రం వరదను మ్రింగిన నోరు. అంచున ఉన్నది శివుని చంద్రరేఖ. నేను ఒక్కొక్క మాట తెలుగు చేసి చెబుతుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. ఏడుస్తున్నదనుకొన్నాను. నవ్వుతున్నది. నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు కారుతున్నవి.

"పూజారికి అసలు సంగతి చెప్పమంటావా?" అని మెల్లగా అడిగాను.

"అయ్యో, చెప్పకు సారూ! నోరు అంటున్నరు గద. నోరే. మా అత్త జొన్నలు పోసిన నోట్లెనే ఇన్నేండ్ల సంది వీళ్లు అన్నం పెడుతున్నరు. నేను ఆకలితోని ఉన్నదనుకుంటి. ఒక్క పూట పస్తు లేదు నా తల్లి."

అయినా మొక్కు మొక్కే. బస్సు దగ్గర వంటమనిషి పొయ్యి ఖాళీ చేసి ఇచ్చాడు. ఆమె ముంతలోనే బియ్యం, బెల్లం ఉడికించి, పసుపు రాసి, నెత్తిన పెట్టుకొని నడిచింది. తోట గేటు వద్ద కాపలామనిషి అడ్డం నిలిచి, లోపలికి వండిన అన్నం తీసుకుపోరాదని బోర్డు చూపాడు. నా పుస్తకాల హిందీ ఆయనకు అర్థం కాలేదు. యజమాని చేతులు జోడించాడు, ఫలితం లేదు. ఆమె తొణకలేదు. ముంత కింద ఒక చెయ్యి ఉంచి, రెండవ చేత్తో కట్టకొసను చూపి, "అమ్మకు. బువ్వ. అమ్మకు" అన్నది. ఆయన ఆ చేయి చూపిన దిక్కు చూచి, తల నుంచి టోపీ తీసి, పక్కకు జరిగాడు.

పూజారి ముంతను వింతగా చూచి, ఇంత దూరం నుంచి ఎందుకని అడిగాడు. "మొక్కు ఉండె అని చెప్పు సారూ. గంతే" అన్నది. తన చేత్తో ఒక్క పిడికెడు ఆ రంధ్రంలో వదలనిచ్చాడు. అప్పుడు ఆమె దేవతతో అన్న మాటలు పక్కనున్న నాకు వినబడినవి.

"మేము మరిచినా నిన్ను వీళ్లు మంచిగ సాదుకున్నరు తల్లీ. కోపం పెట్టుకోకు. బోనం ముట్టింది గద, ఇంక ముసలోని జోలికి రాకు."

బస్సు కదిలినాక, సాగనంపే సంగతి ఏమిటని అడిగాను. పెట్టిన దేవతకు ఉద్వాసన చెప్పాలని ఆమే అన్నది కదా. "యాడికి సాగనంపాలె సారూ? ఆమెకు ఈడ ఇల్లయింది" అన్నది. మరుక్షణమే భయపడి నా చేత మాట తీసుకొన్నది: ఈ ఊరి పేరు కానీ, తన పేరు కానీ ఎక్కడా వ్రాయరాదు. "రాస్తివంటే మనోళ్లు పోయి మాది అంటరు. వాళ్లు కాదంటరు. నడుమ ఆమె తిండి బందయితది." అందుకే రెండూ వ్రాయలేదు.

గద్వాల ఇంకా దూరముండగానే ఆమె లేచివచ్చి మైకు పక్కన నిలబడింది.

"సారూ, తాజ్‌మహల్‌ది మల్లొకసారి చెప్పు."

"చెప్పాను కదమ్మా ఆనాడు."

"నేనిన్ననా? ఏ ఊరిదీ ఇనలే, ఏదీ సూడలే నేను. కోటలు సూడలే, సముద్రం సక్కగ సూడలే." అని, యజమాని వైపు తిరిగి గట్టిగా, "ఇంక మొదటి కాడికెల్లి తిరుగుదం నాయనా. వచ్చేసారి ఆగ్రాకే తోలు. ఇప్పుడు నాకు ఏం పని లేదు!" అన్నది. బస్సంతా చప్పట్లు కొట్టింది. మేము ఇన్నేళ్లు చూపిన దేశాన్ని ఆమె ఆ నిమిషం నుంచి చూడ మొదలుపెట్టింది. కిటికీకి ముఖం ఆనించి, పోతున్న ప్రతి గుట్టనూ అడిగింది. నేను చెబుతూనే వచ్చాను.

నిన్న చవితి నాడు ఇటిక్యాల దారిలోని వాళ్ల పల్లెకు పోయి వచ్చాను. జ్వరం వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపలే పోయిందట. ముసలాయన గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. పక్కనే కింది రాయి. దానికి పసుపు పూసి ఉన్నది.

"దీని మీద కూసుంటే తిడుతుండె సారూ" అన్నాడు. "ఇప్పుడు తిట్టేటోళ్లు లేరు. గని కూసోబుద్ధి అయితలేదు."

నాకు చాప వేయించి, "ఒక్కటి అడుగుత. అబద్ధం చెప్పొద్దు. గామె ఆడ చూసింది నిజంగ మా రాయేనా? ఏ రాయో చూసి సంబురపడ్డవని నేను నవ్వితి. నమ్మకపోతి" అన్నాడు.

"మీ రాయే" అన్నాను. "నెలవంక వలె విరిగిన అంచు నేను కళ్లారా చూచాను. పూజారి దాని నోట అన్నం పెట్టడం చూచాను. ఆమె బోనం ఇవ్వడమూ చూచాను."

ఆయన తువ్వాల తీసి ముఖం తుడుచుకొన్నాడు. "మన్నుల నుంచి నన్ను లాగినప్పుడు కండ్లు కనపడలే సారూ. గాజుల సప్పుడు ఇనపడ్డది. గామె ఉరికొస్తుందని తెలిసింది. బతికున్న అనుకున్న." తువ్వాల మరల తలకు చుట్టుకొని, "నా పానానికి ఇన్నేండ్లు అంత పరేషాన్ పడి, తానే ముందల పాయె" అన్నాడు.

నేను లేవబోతుంటే చేయి పట్టి ఆపాడు. "తాజ్‌మహల్ సూడలేదని వచ్చినకెల్లి ఒకటే పోరు సారూ. పోయినవు గద, చూసినవు గద అంటే, సూడలే అంటది. గదెట్లనో నాకు సమజ్ కాలే."

ఆమె దానికి వీపుపెట్టి గుడిసెలు వెదకిన సంగతి చెప్పాను. సున్నమనీ, పాలరాయి అనీ జరిగిన సంవాదం కూడ చెప్పాను. ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"బస్సాయన మాఘంల ఆమెకు సీటు పెట్టిండంట గద. ఆమె బదులు ఇంకొకరు సూడొచ్చునా సారూ? శాస్త్రంల ఉన్నదా?"

రాలేని వారి పేర మరొకరు తీర్థంలో మునగవచ్చునని, ఫలంలో వారికీ భాగముంటుందని శాస్త్రం. అది స్నానం మాట. చూచుటను గురించి నేను చదివినంతలో ఎక్కడా లేదు. "చూడవచ్చును" అని చెప్పి వచ్చాను.

ఇది పంచమి నాడు వ్రాసి ఉంచినది. మిగిలిన రెండు మాటలు యాత్ర ముగిసిన తరువాత చేరుస్తున్నాను. విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి నాడు మా బస్సు ఆగ్రా చేరినది. కట్టవ్వ కిటికీ సీటులో వచ్చిన ముసలాయన తలకున్న తువ్వాల తీసి భుజాన వేసుకొని, తాజ్‌మహలుకు ఎదురుగా నిలబడి, యజమాని వచ్చి పిలిచేవరకు అటే చూచాడు.